సముద్రం చూడడానికి సాకు కావాలా?

ప్రశ్న: నమస్కారమండీ. నాకు యాభై మూడేళ్లు. విజయనగరంలో ఉంటాం. మావారు రిటైరై ఏడాది దాటింది. అమ్మాయి పెళ్లయి బెంగళూరులో ఉంది. పోయిన కార్తికంలో మా వీధి ఆడవాళ్లం బస్సు మాట్లాడుకుని కళింగపట్నం వనభోజనాలకు వెళ్లాం. ఉసిరి కొమ్మకు పూజ, పులిహోర, అంత్యాక్షరి, ఫొటోలు అన్నీ అయ్యాయి. అందరూ గిన్నెలు సర్దుకుంటుంటే నేను ఇసుకలో నడుచుకుంటూ వంశధార సముద్రంలో కలిసే మొగ దాకా వెళ్లి కాసేపు నిలబడ్డాను. ఎందుకో కదలబుద్ధి కాలేదు. ఇంటికి వచ్చి పాత డైరీలో రెండు పేజీలు రాశాను. పచారీ చిట్టాలు తప్ప పెళ్లయ్యాక నేను రాసింది అదే. అప్పటినుంచి మళ్లీ వెళ్లాలని ఉంది, అదీ ఒంటరిగా. మావారితో అంటే ‘నీళ్లు చూడడానికి అంత దూరమా? మన పెద్ద చెరువు లేదా?’ అని నవ్వేశారు. అమ్మాయేమో ‘గోవా టికెట్లు తీస్తాను, అందరం కలిసి వెళ్దాం’ అంటోంది. గోవా వద్దని కాదు గానీ నాకు కావలసింది అది కాదు. ఈ వయసులో ఇల్లు వదిలి ఒక్కదాన్నే వెళ్లి ఊరికే కూర్చోవాలనుకోవడం తప్పా? వెళ్తే ఎక్కడికి, ఎప్పుడు వెళ్లాలి? రాసింది మళ్లీ చదివితే చిన్నపిల్లల వ్యాసంలా ఉంది. ఆపేయమంటారా? ఆ పేజీల నకలు జత చేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: తప్పు కాదు. వెళ్లండి. రాయడం ఆపకండి. అడిగినవాటికి జవాబులు ఇవే. ఇక మిగిలినవి మాట్లాడుకుందాం.

మన వైపు ఆడవాళ్లకు నీళ్లు కొత్త కాదు. కార్తిక స్నానాలకు వెళ్తాం, మాఘ స్నానాలకు వెళ్తాం, పుష్కరాలకు వెళ్తాం, శివరాత్రికి సంగాం వెళ్లి నాగావళి, సువర్ణముఖి, వేగవతి కలిసేచోట మునుగుతాం. అయితే వెళ్లిన ప్రతిసారీ మన చేతిలో ఒక పసుపుకుంకుమల పళ్లెమో, దీపం పెట్టిన అరటిదొప్పో, చలికి వణుకుతున్న పిల్లవాడో ఉంటాడు. నీళ్ల దగ్గరకు వెళ్లడానికి పంచాంగం ఎప్పుడూ అనుమతి ఇచ్చింది. ఉట్టి చేతులతో వెళ్లడానికి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. మీరు తప్పనుకుంటున్నది అలవాటు లేని పని, అంతే. మొదటిసారి ఒంటరిగా బ్యాంకుకు వెళ్లిన రోజు కూడా మీకు ఇలాగే ఉండి ఉంటుంది.

మీలాంటివారికి చుట్టుపక్కలవాళ్లు చెప్పే ఉపాయం ఒకటుంది. ఆదివారం అరసవల్లి వెళ్తున్నానని బయలుదేరి, సూర్యనారాయణమూర్తి దర్శనం చేసుకుని, అటునుంచి అటే సముద్రానికి వెళ్లిపోవడం. ఆదివారం అరసవల్లి అంటే ఏ మొగుడూ కాదనడు. ఉపాయం బాగానే ఉంది, అరసవల్లీ బాగుంటుంది. కానీ సాకుతో మొదలుపెడితే ప్రతిసారీ ఇంకో సాకు వెతుక్కోవాలి. నాలుగోసారికి దేవుళ్లూ అయిపోతారు, చుట్టాలూ అయిపోతారు. అందుకే మొదటిసారే ఉన్నమాట చెప్పేయండి: ‘బుధవారం కళింగపట్నం వెళ్తున్నాను, దీపాలు పెట్టే వేళకు వచ్చేస్తాను.’ అడిగినట్టు కాదు, చెప్పినట్టు ఉండాలి ఆ మాట. ఆ పూటకు కూర వండి పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. రిటైరైన మనిషికి ఒక పూట కుక్కరు పెట్టుకోవడం రాకపోతే నేర్చుకునే వేళ కూడా వచ్చిందని నా అభిప్రాయం.

ఇంతకీ మీవారు వేళాకోళానికి అన్నా, పెద్ద చెరువు మాట మంచిమాటే. నవ్వకండి. నీళ్ల దగ్గర కూర్చోవాలన్న కోరిక ఏడాదికోసారి చేసే ప్రయాణంతో తీరదు. మొక్కుబడిలా ఒక్కరోజు వెళ్లివస్తే ఆ ఒక్కరోజు మీద పెట్టుకున్న ఆశలు మోయలేనంత అవుతాయి. ఆ రోజే మబ్బు పడుతుంది, ఆ రోజే పక్కన ఎవరో మైకు పెడతారు. అదే వారానికి రెండుసార్లు నడిచివెళ్లగలిగే నీళ్లు ఉంటే ఒక రోజు బాగాలేకపోయినా బెంగ ఉండదు. పెద్ద చెరువు గట్టున మీరు ఎన్నిసార్లు నిలబడి ఉంటారు? సిరిమానోత్సవం రోజు జనంలో తోసుకుంటూ వెళ్లినవి లెక్కలోకి రావు. పైడితల్లి అమ్మవారి విగ్రహం ఈ చెరువులోనే దొరికిందని ఊరంతా చెప్పుకుంటాం. ఆ చెరువును మామూలు రోజు, మామూలు పొద్దున ఎంతమంది చూస్తున్నారు? మీవారు కూడా సాయంత్రం నడకకు వస్తే రానివ్వండి. చెరువు ఇద్దరిదీ. సముద్రం మాత్రం మీ ఒక్కరిది. ఈ పంపకం మొదట్లోనే చేసేసుకుంటే తరవాత తగవు ఉండదు.

కొంచెం దూరం వెళ్లాలనిపించినప్పుడు తాటిపూడి ఉంది. గంట్యాడ మండలంలో గోస్తని మీద కట్టిన జలాశయం. చుట్టూ కొండలు, మధ్యలో నీళ్లు. బొర్రా గుహల్లోంచి వచ్చి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిసే నదే ఇది. విశాఖపట్నానికి తాగునీళ్లు ఇక్కడినుంచి కూడా వెళ్తాయి. అంటే అక్కడ మీరు చూసే నీళ్లలో కొన్ని రేపు ఎవరింటి కుళాయిలోనో పడతాయి. ఒక్కటి గుర్తుంచుకోండి: జలాశయాల అంచు నమ్మదగినది కాదు. పైన గట్టిగా కనిపించే బురద లోపల మెత్తగా ఉంటుంది, రెండడుగులు వేస్తే ఒక్కసారిగా లోతు వస్తుంది. చూడండి, దిగకండి.

ఇప్పుడు కళింగపట్నం. బస్సులో వెళ్లవచ్చు గానీ, నా మాట విని మొదటిసారి రైలులో వెళ్లండి. పలాస వైపు వెళ్లే పాసింజరు బండి ఎక్కి కిటికీ పక్కన కూర్చోండి. నీళ్లు చూడడం కళింగపట్నంలో మొదలవదు, విజయనగరం దాటగానే మొదలవుతుంది. నెల్లిమర్ల దగ్గర చంపావతి వస్తుంది. వానాకాలం తప్ప మిగతా రోజుల్లో నీటికంటే ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. దాన్ని కూడా చూడండి. ఎండిన నదిని చూడడం చేతకాకపోతే మన జిల్లాల్లో ఏడాదిలో సగం రోజులు చూడడానికి ఏమీ మిగలదు. తరవాత గరివిడి, చీపురుపల్లి, పొందూరు. పొందూరును నీళ్లతో సంబంధం లేని ఊరనుకోకండి. అక్కడి సన్న ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. చేప పళ్ల మధ్యనుంచి వచ్చిన దూది చివరికి పెళ్లికొడుకు పంచె అవుతుంది. దూసి దాటాక నాగావళి. వంతెన మీద బండి చప్పుడు మారుతుంది, పెట్టెలో మాటలు ఒక్క క్షణం ఆగుతాయి, ఎవరో ఒకరు కిటికీలోంచి నాణెం విసిరి దణ్ణం పెట్టుకుంటారు. ఆ వెంటనే ఆముదాలవలస. శ్రీకాకుళం రోడ్ స్టేషను అదే. అక్కడ దిగి ఊళ్లోకి, ఊళ్లోనుంచి కళింగపట్నం.

దిగబుద్ధి కాని రోజు దిగకండి. ఇది నేను సరదాకు అనడం లేదు. ఇంకాస్త ముందుకు వెళ్తే వంశధార వంతెన వస్తుంది, తరవాత నౌపడ. నౌపడ దగ్గర పట్టాలకు దగ్గర్లోనే ఉప్పు మడులు ఉంటాయి. సముద్రపు నీటిని మడుల్లోకి మళ్లించి ఎండకు వదిలేస్తారు. నీరు ఆవిరయ్యేకొద్దీ చిక్కబడి, అడుగున ఉప్పు పూస కడుతుంది, దాన్ని పారలతో గట్టు మీదకు లాగి కుప్పలు పోస్తారు. పని అంతా ఎండలో, ఎండతో. మాఘం దాటాక వెళ్తే తెల్లటి కుప్పలు వరసగా కనిపిస్తాయి. బండి రెండు నిమిషాల్లో దాటిపోతుంది గానీ ఆ రెండు నిమిషాలూ మీ డైరీలో ఒక పేజీకి సరిపోతాయి. నౌపడలోనే దిగితే టెక్కలి మండలంలోని తేలినీలాపురం దగ్గరే. చలికాలంలో అక్కడ ఊరి చెట్ల మీదే గూడబాతులూ పెయింటెడ్ స్టార్కు కొంగలూ గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. ఊరివాళ్లు సైబీరియా పక్షులంటారు, ఇంటికి వచ్చిన చుట్టాల్లా చూసుకుంటారు. చుట్టుపక్కల ఉన్న చిత్తడి నేలల్లో వాటికి మేత దొరుకుతుంది. ఇళ్ల మధ్య, కరెంటు తీగల పక్కన, బుట్టంత ముక్కు సంచితో పక్షి కూర్చుని ఉంటుంది. కింద ఎవరో బట్టలు ఆరేస్తుంటారు. గోవాలో ఇది దొరకదు.

ఎప్పుడు వెళ్లాలని అడిగారు. కార్తికంలో మాత్రం వద్దు, మీరు అప్పుడే వెళ్లొచ్చారు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. అక్టోబరు, నవంబరు నెలలు మన తీరానికి తుపానుల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఒక్క రాత్రిలో ఉద్దానం కొబ్బరితోటల్ని నేలకు పడేసింది. తుపాను లేకపోయినా ఆ నెలల్లో కెరటాలు పెద్దవిగా ఉంటాయి, పైగా పున్నమి స్నానాలకు జనం. డిసెంబరు చివరినుంచి మార్చి మొదటివారం దాకా మంచిది. గాలి పొడిగా ఉంటుంది, ఎండ ఓర్చుకోగలం. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మన తూర్పు తీరమంతా మర పడవలకు చేపల వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. అప్పుడు వెళ్తే పడవలన్నీ ఇసుక మీదే ఉంటాయి, వాటి నీడలో వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు కనిపిస్తారు. ఎండకు తట్టుకోగలనంటే అదీ చూడదగ్గదే.

రోజులో వేళ కూడా చూసుకోవాలి. మనది తూర్పు తీరం, సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, మన వీపు వెనక కొండల్లో, తోటల్లో దిగుతాడు. సినిమాల్లో చూసి సముద్రంలో సూర్యాస్తమయం కోసం వెళ్తే ఇక్కడ నిరాశే. సాయంత్రం తీరం మీద వెలుగు తొందరగా తగ్గిపోతుంది. ఒంటరిగా వెళ్తున్నారు కాబట్టి ఉదయం వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేయడమో, ఎండ తగ్గాక మూడున్నరకు కూర్చుని అయిదింటికల్లా లేవడమో చేయండి. ఆఖరి బస్సు ఎన్నింటికో దిగగానే అడిగి తెలుసుకోండి. కండక్టరునే అడగండి, కొట్టుదగ్గరివాళ్లు ‘ఇంకా చాలా ఉన్నాయమ్మా’ అంటారు.

ఇక మొగ గురించి గట్టిగా చెప్పాలి. మీరు నిలబడ్డ ఆ చోటు చూడడానికి ఎంత బాగుంటుందో దిగడానికి అంత చెడ్డది. నది తోసే నీరు, సముద్రం తోసే నీరు ఒకచోట ఢీకొంటాయి. ఇసుక దిబ్బ కిందటి నెల ఉన్నచోట ఈ నెల ఉండదు. పోటు తీసేటప్పుడు నది నీరంతా ఆ ఇరుకులోంచి సముద్రంలోకి పరుగెత్తుతుంది. మోకాలి లోతు అనుకుని వేసిన అడుగు కింద ఇసుకే జారిపోవచ్చు. కాబట్టి మొగలో పాదం కూడా తడపకండి.

మిగతా తీరంలో కూడా ఒక సంగతి తెలిసి ఉండాలి. కెరటాలు ఒడ్డుకు తెచ్చిన నీరు వెనక్కు వెళ్లాలి కదా. అది అన్నిచోట్లా సమంగా వెళ్లదు. ఒక్కోచోట సన్నటి పాయలా, వేగంగా లోపలికి లాగేస్తుంది. చూడడానికి ఆ చోటే ప్రశాంతంగా ఉంటుంది. అటూ ఇటూ కెరటాలు విరిగి తెల్లగా నురగలు కక్కుతుంటే, మధ్యలో ఆ కాస్త మేర మాత్రం కెరటం విరగదు, నీటి రంగు మారి ఉంటుంది, నురగ లోపలికి కొట్టుకుపోతుంటుంది. తెలియనివాళ్లు ‘ఇక్కడ కెరటాలు లేవు, ఇక్కడ దిగుదాం’ అనుకుంటారు. మునిగేవాళ్లలో చాలామంది అలాంటిచోటే మునుగుతారు. ఒకవేళ ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకూడదు, అలసిపోతారు. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఆ పాయ వెడల్పు తక్కువే కాబట్టి దాటగానే కెరటాలే ఒడ్డుకు తోస్తాయి. మీకు ఈత వచ్చని రాయలేదు, రాదనే అనుకుంటున్నాను. చీరకట్టుతో అసలే వద్దు. తడి ఇసుక దాకా చాలు. అమ్మాయి పిల్లలతో వచ్చినప్పుడు మాత్రం ఈ పేరా ఆమెకు చదివి వినిపించండి.

వెళ్లి ఏం చూడాలని మీరు అడగలేదు. అయినా చెబుతాను, ఎందుకంటే మీ రాతకూ దీనికీ సంబంధం ఉంది.

మీ పేజీలు చదివాను. మొదటి పేజీలో ‘అనంతమైన ఈ మహాసాగరం ముందు మానవుడు అణుమాత్రుడు కదా’ అని రాశారు. రెండో పేజీ మధ్యలో, ఏదో మరిచిపోయి రాసినట్టు, ఇది రాశారు: ‘మొగ దగ్గర ఒక ముసలాయన వలలో ఇరుక్కున్న పీతను పుల్లతో విడదీస్తున్నాడు. దానికి నొప్పి తగలకుండా మెల్లగా తీస్తూనే, దాని అమ్మానాన్నల దగ్గరనుంచి మొదలుపెట్టి తిడుతున్నాడు.’ మొదటి వాక్యం ఎవరైనా రాస్తారు, సముద్రం చూడకుండానే రాస్తారు. రెండోది రాయాలంటే అక్కడ నిలబడి ఉండాలి, వంగి చూసి ఉండాలి, ఆ తిట్లు వినేంత దగ్గరగా వెళ్లి ఉండాలి. చిన్నపిల్లల వ్యాసంలా ఉందని మీకు అనిపించింది మొదటి పేజీ చదివి. మీ అంచనా సరైనదే. తప్పు పేజీని చూసి మొత్తం కొట్టేయబోయారు.

మీరు నిలబడ్డ మొగకు ఎగువన, అదే వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో గిడుగు రామమూర్తి గారు పుట్టారు. జనం మాట్లాడే తీరులో రాయడం నేరమని పండితులు అనుకుంటున్న కాలంలో, కాదని జీవితమంతా వాదించిన మనిషి. కళింగపట్నానికి దగ్గర్లో శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల సంగతి 1919లో లోకానికి తెలిసింది కూడా ఆయనవల్లనే. ఆ కొండ ఎక్కితే నది సముద్రంలో కలిసేచోటు మొత్తం కనిపిస్తుంది. మోకాళ్లు సహకరిస్తే ఒక రోజు దానికోసమే కేటాయించండి. నేను చెప్పవచ్చేది, ఆ ఒడ్డున నిలబడి ‘అణుమాత్రుడు’ అని రాయడం ఆయనకు నచ్చి ఉండేది కాదు. మీరు ఇంట్లో మీవారితో చెప్పినట్టు రాయండి. చెప్పేటప్పుడు మీరు సాగరం అనరు కదా.

ఒక పద్ధతి చెబుతాను, నచ్చితే పాటించండి. పేజీ పైన తేదీ, తిథి, మీరు కూర్చున్న వేళ రాయండి. ఆ వేళకు తడి ఇసుక గీత ఎక్కడ ఉందో రాయండి, పడవకు ఇవతలా అవతలా అన్నట్టు. పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు వెనకబడుతుంది. అందుకే ఈ బుధవారం పదింటికి పోటు మీద ఉన్న సముద్రం, వచ్చే బుధవారం అదే వేళకు నీరు తీసి ఉంటుంది. అమావాస్యకూ పున్నమికీ గీత పైదాకా వస్తుంది, అష్టమి ప్రాంతంలో అంత తేడా కనిపించదు. రోజూ వేటకు వెళ్లేవాళ్లు వేళను తిథితో లెక్కపెట్టేది ఇందుకే. కొన్నాళ్లు రాస్తే మీకూ ఆ లెక్క పట్టుబడుతుంది, ఎవరూ నేర్పకుండానే. దాని కింద కళ్లకు కనిపించినవి రాయండి. మనసుకు అనిపించినవి ఆఖరున రెండు వరసల్లో రాయండి, అంతకు మించి వద్దు. అనిపించినవాటికి ఎక్కువ చోటు ఇస్తే అవే పేజీ అంతా ఆక్రమించుకుంటాయి, పీత బయటకు పోతుంది.

కనిపించేవి ఏముంటాయంటారా? కెరటం వెనక్కు వెళ్లాక తడి ఇసుక మీద నల్లటి చారలు, కొన్నిచోట్ల లేత ఎరుపు చారలు మిగులుతాయి. మురికి కాదు. నల్లది ఇల్మెనైటు, ఎర్రది గార్నెట్టు. మామూలు ఇసుకకంటే బరువైన ఖనిజాలు కాబట్టి తేలిక ఇసుక కొట్టుకుపోయి ఇవి వెనకబడతాయి. చిటికెడు తీసి అరచేతిలో ఎండకు పట్టి చూడండి, ఎర్ర గింజలు విడిగా మెరుస్తాయి. పొడి ఇసుక మీద రావణాసురుని మీసాలు ఉంటాయి, ముళ్ల బంతుల్లా ఉండే గడ్డి కంకులు. ఎండాక తల్లిమొక్కనుంచి తెగి, గాలికి ముళ్ల కొసల మీద దొర్లుకుంటూ పోతాయి, పోయినచోటల్లా గింజ రాలుస్తాయి. వాటి వెనక పరుగెత్తని పిల్లలు మన తీరంలో ఉండరు. పీత బొరియ చుట్టూ ఆవగింజంత ఇసుక ఉండలు పూలముగ్గులా పేర్చి ఉంటాయి. ఇసుకకు అంటిన తిండిని నోటితో తీసుకుని, మిగిలినదాన్ని ఉండ చేసి వదిలేస్తుంది. పోటు వచ్చి ముగ్గంతా తుడిచేస్తుంది, నీరు తీయగానే మళ్లీ మొదలుపెడుతుంది. (పీత కష్టాన్ని మన వంటింటి పనితో పోల్చాలని మీకు అనిపిస్తుంది. దయచేసి పోల్చకండి.)

జనవరి నుంచి మార్చి దాకా రాత్రివేళ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. మీరు రాత్రి ఉండరు గానీ, ఉదయాన్నే వెళ్తే నీళ్లనుంచి పొడి ఇసుక దాకా, మళ్లీ నీళ్లకు, ట్రాక్టరు నడిచినట్టు జాడ కనిపించవచ్చు. కూర్మావతారానికి గుడి కట్టిన శ్రీకూర్మం ఆ దగ్గర్లోనే ఉంది, తీరమంతా తాబేటికి దణ్ణం పెట్టేవాళ్లే. గుడ్లున్నచోటును తవ్వి చూడడం, ముట్టుకోవడం చట్టప్రకారం నేరం కూడా. పిల్లలు పుట్టాక వెలుగువైపు నడుస్తాయి. చీకట్లో నీటి మెరుపే వాటికి దారి. ఒడ్డున మనం పెట్టే దీపాలు ఆ దారి తప్పిస్తాయి.

‘ఒక్కరే వచ్చారా అమ్మా?’ అని అక్కడ తప్పకుండా అడుగుతారు. మీకు అది నిలదీసినట్టు అనిపిస్తుంది. వాళ్లకు అది పలకరింపు. రోజూ సముద్రంతో బతికేవాళ్లకు ఒడ్డున ఒంటరిగా చాలాసేపు నిలబడ్డ మనిషిని చూస్తే భయం వేస్తుంది, కారణం మీరు ఊహించగలరు. కాబట్టి విసుక్కోకుండా ‘చూడడానికి వచ్చాను, అయిదింటి బస్సుకు వెళ్లిపోతాను’ అనండి. బస్సు మాట వినగానే వాళ్ల మనసు కుదుటపడుతుంది. రెండోసారికి గుర్తుపడతారు, మూడోసారికి కూర్చోవడానికి ఎక్కడ నీడ ఉంటుందో వాళ్లే చెబుతారు. వల లాగుతున్నప్పుడు ఫొటో తీయాలంటే అడిగి తీయండి. ఆ ఇళ్లలో మగవాళ్లు చాలామంది గుజరాత్‌లో వేరావల్ దాకా వేటకు వలసపోతారు, నెలల తరబడి రారు. మీరు తీరిగ్గా చూసే నీళ్లు వాళ్లకు ఉద్యోగం అన్న సంగతి మరిచిపోకుండా కూర్చుంటే చాలు. చేపలు కొంటే బేరమాడకండి. తినకపోతే కొననక్కరలేదు, చూసి ఊరుకోవచ్చు.

అమ్మాయితో గోవాకు కూడా వెళ్లండి. అది ఆమెతో గడపడానికి, ఇది మీతో మీరు గడపడానికి. రెంటికీ పోటీ పెట్టనక్కరలేదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి, లేకపోతే మొదటిసారే విసుగొచ్చి మానేస్తారు. ఆడవాళ్లకు పెద్ద సమస్య మరుగుదొడ్డి. పత్రికల్లో ఎవరూ రాయరు. శ్రీకాకుళం బస్టాండులో ఆ పని చూసుకుని బయలుదేరండి. నీళ్లు తాగడం మానేసి కూర్చోవడం మాత్రం వద్దు, ఎండలో తలనొప్పి తెచ్చుకుంటారు. మెత్తటి చెప్పులు, ఒక పాత దుప్పటి, గొడుగు చాలు. ఫోను ఇంట్లో పెట్టమని అనను, ఒంటరి మనిషికి ఉండాలి. మోగేది మాత్రం ఇంటినుంచి వచ్చేది ఒక్కటే ఉండేలా చూసుకోండి. ఆదివారాలూ పండగలూ వదిలేయండి, సరుగుడు తోటల్లో సీసాలతో చేరేవాళ్లు ఆ రోజుల్లోనే ఎక్కువ. మనుషులు కనిపించేచోటే కూర్చోండి. దూరంగా, ఎవరూ లేనిచోటు వెతుక్కోవడం కథల్లో బాగుంటుంది. చుట్టుపక్కల వల బాగుచేసుకునేవాళ్లు నలుగురు ఉన్నంత మాత్రాన మీ ఏకాంతానికి వచ్చిన లోటు లేదు.

స్టేషనులో టికెట్టు ఒకటే తీసుకోండి. మీవారు ఆఖరి నిమిషంలో నేనూ వస్తానంటే, వరసలో నిలబడి ఆయన టికెట్టు ఆయన కొనుక్కుంటారు.